పికప్ బండి ముందు షాక్ అబ్జార్బర్లు మనమే మార్చుకోవడం ఎలా

వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, ముందు షాక్‌లు పోయాయి. గ్యారేజీకి ఇస్తే రోజంతా బండి ఆగిపోతుంది, ఒక ట్రిప్పు పోయినట్టే. మనమే మార్చుకోవచ్చా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది పలమనేరు, వి.కోట, ముళబాగిలు వైపు నుంచి రాత్రికి రాత్రి టమాటా బాక్సులు వేసుకుని బెంగళూరు వచ్చే డ్రైవర్లు. మిగతావాళ్లు హోసకోటె, కేఆర్ పురం చుట్టుపక్కల సొంత బండి పెట్టుకుని కిరాయిలు తోలేవాళ్లు. అందరికీ విడివిడిగా ఫోన్లో చెబుతుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మార్చుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు ఒక పూట పడుతుంది. విప్పడం, బిగించడం పెద్ద విద్యేం కాదు. అయితే జాకీ మీద ఉన్న బండి ప్రాణాలతో చెలగాటం. బిగించే పద్ధతి తప్పితే కొత్త షాక్ కూడా రెండు నెలల్లో లొడలొడలాడుతుంది. ఈ రెండింటి గురించే ఎక్కువ రాశాను.

ముందు బండి కిందికి ఒకసారి చూడండి

పని మీ చేతిలోదా కాదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి వేసి చక్రం వెనకాల చూడండి.

కమాన్ పట్టీలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప స్ప్రింగు పట్టీలు) ఉండి, వాటి పక్కన షాక్ విడిగా నిలబడి ఉంటే అన్నిటికన్నా సులువైన పని. టాటా ఏస్ గోల్డ్ లాంటి బండ్లకు ముందు కూడా కమాన్లే.

కాయిల్ స్ప్రింగు ఉండి షాక్ దాని మధ్యలోంచి వెళ్తున్నా, స్ప్రింగే కనిపించకుండా పొడవాటి టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనప కడ్డీ) ఉన్నా కూడా చేసుకోవచ్చు. కానీ చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్‌కి జాకీ ఆనించే ఉంచాలి. ఆ సంగతి 5వ మెట్టులో చెబుతాను.

మూడో రకంలో కాయిల్ స్ప్రింగు షాక్ మీదే కూర్చుని ఉంటుంది. షాక్ ఒంటికే ఒక పళ్లెంలాంటిది ఉండి, స్ప్రింగు అడుగు దాని మీద ఆనుతుంది. టొయోటా హైలక్స్ లాంటివి ఈ రకం. ఇందులో షాక్, స్ప్రింగు కలిపి ఒకే ముక్కగా బయటికి వస్తాయి. తర్వాత స్ప్రింగును ప్రెస్‌లో నొక్కిపెట్టి షాక్ విడదీయాలి. ఈ పని ఇంటి దగ్గర వద్దు. పైన మధ్యలో ఉన్న నట్టు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. అది విప్పితే వందల కిలోల ఒత్తిడితో ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరి తగులుతుంది. ఈ రకం బండి మీదైతే గ్యారేజీకే ఇవ్వండి. కింద రాసిన కొనుగోలు, చెకింగు విషయాలు మీకూ పనికొస్తాయి.

ఒకే పేరుతో అమ్మే బండ్లలో కూడా మోడల్‌ని బట్టి ముందు సస్పెన్షన్ మారుతుంది. పక్కవాడి బండి చూసి మీదీ అదే అనుకోవద్దు.

నిజంగా షాకే పోయిందా?

ముందు నుంచి శబ్దం రాగానే షాక్ మీద నింద వేస్తాం. బాల్ జాయింటు, స్టెబిలైజర్ లింకు, కమాన్ షాకిల్ బుష్‌లు అరిగినా దాదాపు అదే శబ్దం వస్తుంది. డబ్బు పెట్టేముందు ఇవి చూసుకోండి.

షాక్ ఒంటి మీద పలచగా నూనె తేమ, దాని మీద దుమ్ము ఉంటే భయపడక్కర్లేదు. సీల్ దగ్గర ఆ మాత్రం తేమ మామూలే. నూనె ధారగా కిందిదాకా జారి, మట్టి ముద్దలా పట్టి ఉంటే సీల్ పోయినట్టు.

టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నెమ్మదిగా నిమరండి. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లంగా గిన్నెలు గిన్నెలుగా తగిలితే చక్రం రోడ్డు మీద ఆనకుండా గంతులు వేస్తోందన్నమాట. షాక్ పోయినప్పుడు కనిపించే గుర్తుల్లో ఇదొకటి.

బానెట్ మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పద్ధతి కార్లకు బాగానే పనిచేస్తుంది. పికప్ కమాన్లు గట్టిగా ఉంటాయి, ఖాళీ బండి అసలు కదలదు. కదలలేదు కాబట్టి షాక్ బాగుందనుకుంటే పొరపాటే.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష వేరే ఉంది. గుంతల రోడ్డు మీద ఒక 20 నిమిషాలు తోలి, ఆపిన వెంటనే రెండు ముందు షాక్‌ల ఒంటినీ చేత్తో తాకి చూడండి. షాక్ చేసే పనే ఊపును వేడిగా మార్చడం, కాబట్టి పనిచేసేది గోరువెచ్చగానో, ఇంకా వేడిగానో ఉంటుంది. ఒకటి వెచ్చగా, ఇంకొకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది చచ్చిపోయినట్టే. ముందు వేలి వెనక భాగంతో మెల్లిగా తాకండి. సైలెన్సర్ పైపుకీ బ్రేకు డ్రమ్ముకీ చేయి తగలనివ్వకండి.

ఒకటే పోయినా రెండూ మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడూ మలుపులోనూ బండి ఒక పక్కకు లాగుతుంది.

కావలసినవి

- ముందు షాక్ అబ్జార్బర్లు రెండు, వాటి రబ్బరు బుష్‌లు, గిన్నె వాషర్లు, కొత్త నట్లు
- కనీసం 2 టన్నుల జాకీ. దానితోపాటు జాక్ స్టాండ్లు రెండు. స్టాండ్లు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.
- కింది ఆర్మ్‌నో యాక్సిల్‌నో పట్టుకోవడానికి ఇంకో జాకీ. బండితో వచ్చినదైనా చాలు.
- వీల్ పానా, 13 నుంచి 24 దాకా రింగు పానాలు, బాక్స్ పానాలు
- టార్క్ రెంచి (ఎంత బిగువుతో బిగిస్తున్నామో లెక్క చూపే పానా). కొనలేకపోతే తెలిసిన గ్యారేజీలో ఒక పూటకు అడిగి తెచ్చుకోండి.
- తుప్పు వదిలించే స్ప్రే, ఇనప బ్రష్షు, సుత్తి
- చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు, కళ్లద్దాలు, సుద్దముక్క

కేఆర్ మార్కెట్లోనో కలాసిపాళ్యంలోనో సరుకు దించేవాళ్లకు స్పేర్లు దొరికే జేసీ రోడ్డు, పానాలు దొరికే ఎస్‌జేపీ రోడ్డు రెండూ దగ్గరే. భాష గురించి టెన్షన్ వద్దు, తెలుగులో అడిగినా సరుకు ఇస్తారు. వెళ్లేటప్పుడు ఆర్‌సీ ఫొటో, పాత షాక్ మీద నంబరు కనిపిస్తే దాని ఫొటో, పై కొస, కింది కొస ఎలా ఉన్నాయో ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి. "పికప్‌కి ముందు షాక్ ఇవ్వన్నా" అని మాత్రమే అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఒకసారి నేను అలాగే తెచ్చుకుని, సాయంత్రం పాతవి విప్పి పక్కన పెట్టి చూస్తే కొత్తవి రెండంగుళాలు పొడుగు. డబ్బాలో వెనక షాక్‌లు పెట్టి ఇచ్చారు. బండి స్టాండ్ల మీద, షాపు మూసేశారు, రాత్రి లోడు ఉంది. అందుకే షాపులోనే డబ్బా విప్పి, పొడవు, కంటి (షాక్ కొసన ఉండే గుండ్రటి కడియం) లోపలి రంధ్రం, స్టడ్డు (కొసన మరలున్న కడ్డీ) లావు చూసుకుని బిల్లు తీసుకోండి. డబ్బా మీది నంబరూ లోపలి షాక్ మీది నంబరూ ఒకటే కావాలి.

ఇంకో మాట. బండి ముందు భాగం కిందికి కూర్చుందని గట్టి షాక్‌లు అడిగేవాళ్లున్నారు. బరువు మోసేది కమాను గానీ స్ప్రింగు గానీ. షాక్ ఊపును ఆపుతుందంతే. బండి కూర్చుంటే చూడాల్సింది కమాన్ పట్టీలు.

చేసే పద్ధతి

1. చోటు చూసుకోండి. సమతలంగా, గట్టిగా ఉన్న కాంక్రీటు నేల కావాలి. మన లేఅవుట్లలో చాలా వీధులు వాలుగా ఉంటాయి, అక్కడ వద్దు. మట్టి నేల తప్పకపోతే స్టాండ్ల కింద మందపాటి చెక్క పలకలు వేయండి. మే నెలలో బెంగళూరు వాన మధ్యాహ్నం దాటాక ఎప్పుడు పడుతుందో చెప్పలేం, తడిసిన మట్టిలో స్టాండు కాలు దిగిపోతుంది. అందుకే పొద్దున్నే మొదలుపెట్టండి. బండిలో లోడు ఉండకూడదు.

2. ముందురోజు రాత్రే నట్లకు స్ప్రే కొట్టండి. పైన, కింద ఉన్న నట్లను ఇనప బ్రష్షుతో రుద్ది, తుప్పు స్ప్రే పట్టించి వదిలేయండి. రాత్రంతా నానితే పొద్దున కష్టం సగానికి సగం తగ్గుతుంది.

3. బండి ఎత్తండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఫస్టు గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయండి. తర్వాత ఎత్తి, ఛాసిస్ కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, జాకీ మెల్లిగా దించి బరువు స్టాండ్ల మీదికి రానివ్వండి. బండిని చేత్తో అటూ ఇటూ బలంగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ పెట్టండి. విప్పిన చక్రాన్ని గోడకు ఆనించకుండా ఛాసిస్ కిందికి తోసి పడుకోబెట్టండి. ఏదైనా జారినా బండి ఆ చక్రం మీద ఆగుతుంది.

ఇటుకలు, సిమెంటు హాలో బ్లాకులు స్టాండ్లకు బదులు పెట్టేవాళ్లను చూశాను. బ్లాకు పగిలేముందు చెప్పదు. దయచేసి ఆ పని చేయకండి.

4. ఒక పక్క పూర్తిచేశాకే రెండో పక్క. రెండూ ఒకేసారి విప్పితే ఏ వాషరు పైన, ఏ బుష్ కింద అన్నది మర్చిపోతారు. విప్పేముందు ఫొటో తీయండి. రెండో పక్కది చూసి పోల్చుకోవడానికీ ఉంటుంది.

5. రెండో జాకీ ఆనించండి. కమాన్ బండికైతే యాక్సిల్ కింద, మిగతా రకాలకు కింది ఆర్మ్ కింద, బాల్ జాయింటుకు దగ్గరగా జాకీ పెట్టి ఆనేంతవరకే ఎత్తండి. కొన్ని బండ్లలో ఆర్మ్ మరీ కిందికి జారకుండా ఆపేది షాకే. ఆధారం లేకుండా షాక్ విప్పితే ఆర్మ్ ఒక్కసారిగా పడి బ్రేకు గొట్టాన్ని లాగేస్తుంది. షాక్ బయట ఉన్నంతసేపూ ఈ జాకీని దించకండి.

6. పై నట్టు విప్పండి. పైన స్టడ్డు రకమైతే నట్టుతోపాటు స్టడ్డు కూడా తిరుగుతుంది. స్టడ్డు కొసన చదునుగా గానీ ఆరు పలకలుగా గానీ పట్టు ఉంటుంది. దాన్ని చిన్న పానాతో పట్టుకుని నట్టు తిప్పండి. పాత షాక్ కాబట్టి కింద కడ్డీని వైస్ గ్రిప్‌తో పట్టుకున్నా ఫరవాలేదు. కొత్తదానికి మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకండి. మెరిసే కడ్డీ మీద గోటి గీతంత గాటు పడినా, అది లోపలికీ బయటికీ వెళ్లిన ప్రతిసారీ సీల్‌ను కోస్తుంది, కొన్నాళ్లకే నూనె కారుతుంది.

నట్టు అసలు కదలకపోతే మళ్లీ స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. ఒక్కసారి బిగించే వైపు కొద్దిగా తిప్పి, తర్వాత వదులు చేయండి, తుప్పు విరుగుతుంది. అప్పటికీ రాకపోతే గ్రైండరుతో నట్టు కోయడమే మార్గం. గ్యాస్ మంట మాత్రం పెట్టకండి. పక్కన రబ్బరు, లోపల నూనె, చాలా షాక్‌లలో ఒత్తిడితో గ్యాస్ ఉంటాయి.

7. కింది బోల్టు విప్పి షాక్ తీయండి. బోల్టు బయటికి రాకపోతే జాకీని అంగుళంలో నాలుగో వంతు పైకీ కిందికీ ఆడించండి. బరువు పోయిన చోట బోల్టు వదులై చేత్తోనే వస్తుంది. దాన్ని సుత్తితో కొట్టి మర కొసను పాడుచేసుకోవద్దు.

8. ఖాళీ అయిన చోటు శుభ్రం చేసి చూడండి. బ్రాకెట్ల మీది మట్టి గీకి, టార్చి వేసి వెల్డింగ్ దగ్గర చీలిక ఉందేమో చూడండి. బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటే ఎంత మంచి షాక్ పెట్టినా శబ్దం పోదు, ముందు బ్రాకెట్ బాగుచేయించాలి. బ్రేకు గొట్టం, బాల్ జాయింటు రబ్బరు టోపీ కూడా చూడండి. ఇంత దగ్గరగా మళ్లీ మళ్లీ కనిపించవు.

9. కొత్త షాక్‌కు గాలి తీయండి. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టే. షాపులో షాక్‌లు పడుకోబెట్టి ఉంటాయి కాబట్టి లోపల గాలి నూనె గదిలోకి చేరుతుంది. షాక్‌ను బండిలో ఎలా నిలబడుతుందో అలాగే నిటారుగా పట్టుకుని, పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగండి. 4, 5 సార్లు చేయండి. మొదట్లో మధ్యలో ఎక్కడో ఒకచోట చేతికి బరువు తెలియకుండా జారినట్టు అనిపిస్తుంది. ఆ ఖాళీ పోయి, మొదలు నుంచి చివరిదాకా ఒకే బరువు తగిలాక ఆపండి. ఆ తర్వాత మళ్లీ పడుకోబెట్టకుండా నేరుగా బండికి పెట్టండి. 5 సార్లు దాటినా ఖాళీ పోకపోతే షాపుకు తిరిగి ఇచ్చేయండి.

గ్యాస్ షాక్ అయితే పట్టీతో కట్టి వస్తుంది. పట్టీ కోయగానే తనంతట తానే పొడుగవుతుంది, వేళ్లు జాగ్రత్త. నొక్కాలంటే బాగా బలం కావాలి, తోడు ఒక మనిషి ఉంటే మంచిది.

10. పైన బిగించండి. వరుస ఇలా ఉంటుంది: గిన్నె వాషరు, రబ్బరు, బ్రాకెట్, రబ్బరు, గిన్నె వాషరు, నట్టు. వాషరు గిన్నె రబ్బరు వైపు తిరిగి ఉండాలి. రబ్బరుకు గ్రీజు గానీ ఇంజిన్ ఆయిల్ గానీ రాయకండి, ఉబ్బి మెత్తబడిపోతుంది. జారాలంటే సబ్బు నీళ్లు చాలు. నట్టును టార్క్ లెక్క ప్రకారం బిగించండి. లెక్క లేకపోతే రబ్బరు ఉబ్బి వాషరు అంచుతో సమానమయ్యేదాకా బిగించి ఆపండి. వాషరు దాటి బయటికి తన్నుకొచ్చిందంటే ఎక్కువైంది, అది తొందరగా పగులుతుంది. లోపల నైలాన్ ఉన్న పాత నట్లను మళ్లీ వాడకండి.

11. కింది బోల్టు పెట్టండి, కానీ పూర్తిగా బిగించకండి. జాకీతో ఎత్తు సరిచేసుకుంటే రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి. నట్టు చేతి బిగువు మీద ఇంకో రెండు చుట్లు, అంతే. ఇప్పుడు రెండో పక్క కూడా ఇలాగే చేయండి. ఛాసిస్ కింద పెట్టిన చక్రాలు బయటికి తీసి బండికి వేసి, నట్లు ఎదురెదురు వరుసలో బిగించి, స్టాండ్లు తీసి బండి దించండి.

12. బండి తన కాళ్ల మీద నిలబడ్డాక ఆఖరి బిగింపు. నా మొదటి బండికి ఈ సంగతి తెలియక నష్టపోయాను. చక్రం గాల్లో వేలాడుతుండగానే కింది బోల్టులు బలమంతా పెట్టి బిగించేశాను. రెండు నెలలకు హోసూరు రోడ్డులో ప్రతి హంపుకీ టక్ టక్ మని మొదలైంది. విప్పి చూస్తే షాక్ బాగానే ఉంది, కంటిలోని రబ్బరు బుష్ మాత్రం హవాయి చెప్పు వారులా ఒక పక్క సాగి, చీలి ఉంది. గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే పట్టుకుపోతుంది. బండి దించాక కోణం మారుతుంది, రబ్బరు రోజంతా మెలిపడే ఉంటుంది. అందుకే బరువు చక్రాల మీద పడ్డాక, బండి ముందు భాగాన్ని రెండుసార్లు చేత్తో ఊపి, అప్పుడు టార్క్ రెంచితో కింది బోల్టులు పూర్తిగా బిగించండి. పైన కూడా స్టడ్డు కాకుండా కన్ను ఉంటే దానికీ ఇదే పద్ధతి. టార్క్ ఎంతన్నది మీ బండి మాన్యువల్‌లోనో కంపెనీ సర్వీస్ సెంటర్లోనో అడిగి రాసుకోండి, బండికో లెక్క ఉంటుంది.

కిందికి చేయి పట్టకపోతే రెండు ముందు చక్రాల కిందా ఒకే మందం చెక్క పలకలు పెట్టి, బండిని వాటి మీదికి నెమ్మదిగా ఎక్కించి ఆపండి. హ్యాండ్ బ్రేకు, వెనక దిమ్మెలు తప్పనిసరి.

బిగించిన ప్రతి నట్టు మీదా, బ్రాకెట్ మీదా కలిపి సుద్దముక్కతో ఒక గీత గీయండి. తర్వాత చూసినప్పుడు గీత విరిగి ఉంటే నట్టు కదిలినట్టు.

సరిగా అయిందా అని చూడటం

బయలుదేరేముందు స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పండి. ఒక మనిషిని పక్కన నిలబెట్టి, బ్రేకు గొట్టం షాక్‌కు రాసుకుంటోందేమో చూడమనండి. బ్రేకు పెడల్ రెండుమూడు సార్లు తొక్కి చూసుకోండి.

తర్వాత వీధిలో హంపు మీదుగా 15, 20 వేగంతో పోనివ్వండి. బండి ముక్కు ఒకసారి లేచి దిగి కుదురుకోవాలి. ఇంకా రెండుమూడు సార్లు ఊగుతుంటే గాలి తీయడం మిగిలిపోయినట్టు, లేదా షాక్ మీ బండిది కాదు. మొదటి రోజు కొద్దిగా గట్టిగా అనిపిస్తే కంగారుపడకండి, చచ్చిన షాక్‌లకు అలవాటుపడ్డ నడుముకు కొత్తవి అలాగే ఉంటాయి.

హంపుకు టక్ మని ఒకే దెబ్బ వినిపిస్తే ముందు పై నట్టు, గిన్నె వాషరు తిరగబడిందేమో చూడండి. గరగర, కిచకిచ అయితే రబ్బరు పొడిగా కూర్చుంది, సబ్బు నీళ్లు రాసి చూడండి. ఖాళీ రోడ్డులో నెమ్మదిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగితే టైర్ల గాలి, ఆ తర్వాత బ్రేకులు చూపించండి. కమాన్ బండికి షాక్ మాత్రమే మారిస్తే అలైన్‌మెంటు మారదు, ఆ ఖర్చు అక్కర్లేదు. స్ప్రింగుతో కలిపి విప్పే మూడో రకానికి మాత్రం గ్యారేజీలో అలైన్‌మెంటు చూపించాలి. గిన్నెలు పడ్డ పాత టైరు కొత్త షాక్‌తో బాగుపడదు, దాని శబ్దం అలాగే వస్తుంది. ఆ శబ్దం విని షాక్‌లు పనిచేయలేదనుకునే వాళ్లు చాలామంది.

20 నిమిషాలు గుంతల రోడ్డులో తోలాక మళ్లీ చేయి పెట్టి చూడండి. ఇప్పుడు రెండు పక్కలా ఒకేలా వెచ్చగా తగలాలి.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ బిగువు చూడండి. కోలార్ వైపు నుంచి వచ్చేవాళ్లకు అది ఒక్క ట్రిప్పే, దిగగానే చూసేయొచ్చు. అప్పుడే సుద్ద గీతలు కూడా చూడండి. మొదటి పూర్తి లోడు ట్రిప్పు తర్వాత ఇంకోసారి, షాక్ ఒంటి మీద నూనె జాడ ఉందేమో కూడా. బిల్లు, డబ్బా పారేయకండి, వారంటీ అడగాలంటే అవి కావాలి.

పాత షాక్‌లను పాత ఇనుము వాళ్లకు ఇచ్చేముందు కోసి నూనె తీద్దామని చూడకండి. గ్యాస్ ఉన్నదైతే కోసేటప్పుడు నూనె ఒత్తిడితో కళ్లలోకి చిమ్ముతుంది. ఎలా ఉన్నవి అలాగే ఇచ్చి, లోపల గ్యాస్ ఉందని ఆ మనిషికి కూడా చెప్పండి.